ఆటలో అరటిపండు: సులభస్థాయి నెన్నుకొన్నవానిపై ఆటల పరిహాసము, దండన

ఆట యెంత పురాతనమో, ఆటలో బలహీనుని ఏమి చేయవలెనను ప్రశ్నయు అంత పురాతనము. నలుగురు కూడి ఆడునపుడు నలుగురి నేర్పును ఒక్కటిగా నుండదు. చిన్నవాడు, క్రొత్తగా చేరినవాడు, చూపు ఆననివాడు, చేయి త్వరగా ఆడనివాడు ఉందురు. వారిని వెలివేయుట ఒక మార్గము. నియమములను కొంత సడలించి చేర్చుకొనుట రెండవ మార్గము. చేర్చుకొని నవ్వుట మూడవ మార్గము. ఈ మూడవ మార్గము నేటి వీడియో గేములలో ఏయే రూపములు దాల్చినదో, దానికి కారణములెవ్వియో, కోలారు బంగారు గనుల ప్రాంతమున వాడుకలోనున్న మూడు భాషల నుడికారములు ఈ విషయమున మనకేమి తెలుపుచున్నవో పరిశీలించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

పిల్లల ఆటలను గూర్చి పరిశోధన వ్యాసముల సంపుటమున వ్రాయుట తగునా యని కొందరు శంకింపవచ్చును. పిల్లవాడు ఆటస్థలమున నేర్చిన తీర్పునే తరగతిగదికిని తెచ్చును. ఎవనిని చూచి నవ్వవలెనో, ఎవనిని లెక్కలోనికి తీసికొనవలెనో వాడు మొదట నేర్చునది అచటనే. కావున ఉపాధ్యాయునకు ఇది ఉపేక్షింపదగిన విషయము కాదు.

మూడు భాషలు, మూడు మాటలు

కోలారు జిల్లా కర్ణాటకములోనిదైనను ఆంధ్ర, తమిళ దేశముల సరిహద్దులకు సమీపముననున్నది. ముళబాగిలు, శ్రీనివాసపురము మున్నగు తాలూకాల పల్లెలలో తెలుగు ఇంటిభాషగా గల కుటుంబములు పెక్కు. 1880 నాటినుండి జాన్ టేలర్ కంపెనీ వారి యాజమాన్యమున గనులు విస్తరించుటతో చిత్తూరు, ఉత్తర ఆర్కాటు, సేలము ప్రాంతములనుండి కార్మికజనము తరలివచ్చెను. మారికుప్పము, చాంపియన్ రీఫ్, ఉరిగాము, రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట వీధులలో తమిళము, తెలుగు, కన్నడము ఒకే వాకిట వినబడును. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి గాని ఈ భాషల కూడలి మూతపడలేదు. పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడినను, బిళ్ళంగోడు ఆడినను, క్రికెట్టు ఆడినను మూడు భాషలలోను వాదులాడుకొందురు.

ఇట్టి ఆటకు ఒక చిఱుతపిల్లవాడు వచ్చి తానును ఆడుదునని మారాము చేయును. అక్క వెంటనో అన్న వెంటనో వచ్చినవాడగుటచే వానిని పంపివేయుటకు వీలులేదు. నియమములన్నియు వానికి వర్తింపజేసినచో మొదటి క్షణముననే ఓడి ఏడ్చును. అందుచే పిల్లలొక ఉపాయము కల్పించుకొన్నారు. వాడు ఆడును, కాని వాడు ఔటైనను ఔటు కాదు, దొరికినను దొంగ కానక్కరలేదు. ఇట్టివానిని తెలుగువారు 'ఆటలో అరటిపండు' అందురు. కన్నడిగులు 'ఆటక్కుంటు, లెక్కక్కిల్ల' అందురు. అనగా ఆటకు ఉన్నాడు, లెక్కకు లేడు. తమిళులు 'ఉప్పుక్కు చప్పాణి' అందురు.

ఈ మూడు మాటలను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన విశేషము తోచును. తెలుగు మాటలో మెత్తదనము, తీపి ఉన్నవి. పండ్లురాని పసివాడును తినగలిగినది అరటిపండు. కన్నడపు మాట లెక్కల పుస్తకమువలె స్పష్టము. దానిలో నిందయు లేదు, ముద్దును లేదు. తమిళపు మాటలోని చప్పాణి శబ్దమునకు కాళ్ళు సరిగా లేనివాడను అర్థమున్నది. పిళ్ళైత్తమిళ ప్రబంధములలో శిశువు చేతులు చఱచు దశకును అదియే పేరు. ఒక అర్థమున చూచిన లోపము, ఒక అర్థమున చూచిన శైశవము. బలహీనునకు చేయు మినహాయింపులో ముద్దు, లెక్క, ఎగతాళి అను మూడు పాళ్ళును కలిసియుండుట మన వీధిలోని పలుకులే చెప్పుచున్నవి.

మఱియొక సంగతి. ఐదేండ్లవానిని అరటిపండన్నచో వాడు సంతోషించును. అదే మాట సభలో మాట చెల్లని సభ్యుని గూర్చి అన్నచో అది పరిహాసము. మినహాయింపు మారలేదు, దానిని పొందినవాని వయస్సు మారినది. కావున మినహాయింపును దయగా మార్చునదియు, అవమానముగా మార్చునదియు దానికి మనమిచ్చు పేరును, దానిని చూచు కన్నును అని మొదటి సిద్ధాంతముగా గ్రహింపవచ్చును.

యంత్రక్రీడలలో పరిహాసము

వీడియో గేములలో కఠినతాస్థాయి నెన్నుకొను ఏర్పాటు మొదటినుండియు పరిహాసముతో కూడినది కాదు. 1977లో వెలువడిన అటారి 2600 యంత్రముపై కఠినతను మార్చు మీటలు రెండుండెను. వాని గుర్తులు 'ఎ', 'బి' అను అక్షరములు మాత్రమే. ఎ నేర్పరికి, బి క్రొత్తవానికి. అక్షరమునకు ఎగతాళి లేదు. నాణెము వేసి ఆడు ఆర్కేడ్ యంత్రములలో నన్ననో, కఠినతను నిర్ణయించువాడు యంత్రపు యజమానుడే. లోపలి మీటలు అతని చేతిలోనివి. ఆడువానికి ఎన్నిక లేదు గనుక ఎన్నుకొన్నందుకు నవ్వబడుటయు లేదు.

ఎన్నిక ఆడువాని చేతికి పూర్తిగా వచ్చిన పిమ్మట నవ్వు ప్రవేశించినది. అది నాలుగు విధములుగా కానవచ్చుచున్నది: నామపరిహాసము, వేషపరిహాసము, ఫలనిరోధము, ముద్ర.

నామపరిహాసమునకు ప్రసిద్ధోదాహరణము 1992లో ఐడీ సాఫ్ట్‌వేర్ సంస్థ వెలువరించిన వుల్ఫెన్‌స్టైన్ 3డి. అందు నాలుగు స్థాయిలు. అన్నిటికంటె సులభమైనదాని పేరునకు 'నాన్నా, నేను ఆడవచ్చునా?' అని భావము. దాని ప్రక్కన కథానాయకుడైన సైనికుడు తలకు పసిపిల్లల టోపీ, నోట పాలపీక ధరించిన బొమ్మ కనబడును. కడపటిదాని పేరునకు 'నేనే మృత్యుస్వరూపుడను' అని భావము. సులభస్థాయిలో ఆటగానికి తగులు దెబ్బ నాలుగవ వంతుకు తగ్గింపబడును. మేలు చేయుట, నవ్వుట ఒకే చేతితో జరిగినవి. 1993లో అదే సంస్థ వెలువరించిన డూమ్ ఆటలో సులభస్థాయి పేరునకు 'చచ్చుటకు నా వయస్సింకను చాలదు' అని భావము. అందు దెబ్బ సగమగును, తూటాలు రెట్టింపగును. 2014లో వచ్చిన వుల్ఫెన్‌స్టైన్: ది న్యూ ఆర్డర్ ఆటలోను ఆ పాలపీక బొమ్మ తిరిగి కానవచ్చుట ఈ హాస్యము ఒక సంప్రదాయమై నిలిచినదనుటకు సాక్ష్యము.

'నేను ఆడవచ్చునా' యనునది మన వీధిలో చిఱుతపిల్లవాడు అడుగు ప్రశ్నయే! అచట ఆ ప్రశ్నకు అరటిపండు బదులుగా దొరకును. ఇచట పాలపీక దొరకుచున్నది.

వేషపరిహాసమున ఎగతాళి పేరుతో ఆగదు, ఆటంతయు వెంటవచ్చును. 2005 నాటి నింజా గైడెన్ బ్లాక్ ఆటలో మొదటి అధ్యాయముననే పలుమార్లు మరణించినవానికి సులభస్థాయి ఈయబడును. దాని పేరు నింజా డాగ్. అనగా వీరుడు కాస్త శునకమైనాడు. అంగీకరించినచో వీరుని చేతికి రంగు రిబ్బను కట్టబడును. తోటి పాత్రయైన యువతి వానిని దెప్పును. 2015 నాటి మెటల్ గేర్ సాలిడ్ 5: ది ఫాంటమ్ పెయిన్ ఆటలో మాటిమాటికి ఓడినవానికి కోడిరూపము గల టోపీ ఈయబడును. అది ధరించినవానిని శత్రువులు కొంతవరకు చూచియు విడిచిపెట్టుదురు. ఆంగ్లమున కోడి పిరికివానికి మారుపేరు. మన పల్లెలలోను పిరికివానిని పిల్లి యనుట కలదు గనుక ఈ హాస్యపు జాతి మనకు క్రొత్తది కాదు.

దండన రూపములు

తక్కిన రెండును పరిహాసమును దాటి దండనలోనికి పోవుచున్నవి.

ఫలనిరోధమనగా సులభస్థాయిలో ఆడినవానికి కథాంతము దక్కకుండ చేయుట. 2017లో వెలువడిన కప్‌హెడ్ ఆటలో ప్రతి శత్రువును గెలిచినపుడు ఒక ఒడంబడిక పత్రము లభింపవలెను. సులభస్థాయిలో గెలిచినచో ఆ పత్రము లభింపదు. పత్రములన్నియు లేనిదే కడపటి ఘట్టమునకు ద్వారము తెరువబడదు. 2002 నాటి తోహో ఆటలలో నొకటియైన ఎంబాడిమెంట్ ఆఫ్ స్కార్లెట్ డెవిల్ ఆరు ఘట్టములు గలది. సులభస్థాయిలో ఐదవదానితోనే ముగించును. పుస్తకము కొన్నవానికి చివరి అధ్యాయము చింపి ఇచ్చుటకును దీనికిని భేదమేమి? 'ఆటకుంటు, లెక్కకిల్ల' యను సూత్రమునకు ఇది యంత్రరూపము.

ముద్ర యనునది మిక్కిలి సున్నితమైనది. 2009 నాటి న్యూ సూపర్ మారియో బ్రదర్స్ వీ ఆటలో ఒకే ఘట్టమున ఎనిమిదిమార్లు ఓడినచో ఒక ఆకుపచ్చని దిమ్మె ప్రత్యక్షమగును. దానిని తట్టినచో మారియో తమ్ముడు లూయీజీ వచ్చి దారి చూపును. ఇంతవరకు ఎగతాళి లేదు. కాని ఆ దిమ్మె ప్రత్యక్షమైనవాని ఆట పట్టికలోని నక్షత్రములు మెఱయవు. నోరు విప్పి ఒక్కమాట అనలేదు. మెఱుపు మాత్రము హరించినది. పిల్లలు ఆ మెఱుపు లేమిని వెంటనే గుర్తింతురు.

ఇటీవలి జాలపు ఆటలలో ఈ పనిని యంత్రమునకు బదులు తోటి ఆటగాండ్రే చేయుచున్నారు. నేర్పులేనివానిని 'నూబ్' అని పిలుచుట మన పిల్లల నోటను వినవచ్చుచున్నది. వేలముద్రగాడని చదువురానివానిని ఒకప్పుడు వెక్కిరించినట్లే ఇదియును.

కారణ విచారము

ఇట్టి హాస్యమునకు మూలమేది? మొదటిది వ్యాపారము. నాణెపు యంత్రము త్వరగా ఓడించిననే మఱియొక నాణెము పడును. ఆ శాలలలో పెరిగిన తరమే తరువాత ఇండ్లలో ఆడు ఆటలను నిర్మించినది. కష్టమే ఆటకు సహజగుణమని వారికి తోచుట వింతకాదు. రెండవది నిర్మాత అభిమతము. తాను శ్రమపడి కూర్చిన అడ్డంకిని దాటిన యానందము అడ్డంకి లేకున్న కలుగదని అతని వాదము. ఈ వాదమును త్రోసిపుచ్చరాదు. 2019లో వెలువడిన సెకిరో ఆటకు సులభస్థాయియే లేదు. దానిపై లోకమున పెద్ద చర్చ జరిగినది. సులభస్థాయి నీయకుండుట నిర్మాత స్వాతంత్ర్యము కావచ్చును. ఇచ్చి నవ్వుట వేఱు. ఈ రెంటిని కలిపి చూచుట తగదు.

మూడవది స్నేహపూర్వకమైన చతురోక్తి యను సమాధానము. స్నేహితుని మేలమాడుట లోకసహజమే. కాని వీధిలో వెక్కిరించు అన్నకు తానెవనిని వెక్కిరించుచున్నాడో తెలియును. ఎంతవరకు అనవచ్చునో, ఎక్కడ ఆపవలెనో తెలియును. వాడు ఏడ్చినచో భుజముపై నెక్కించుకొనును. యంత్రమునకు ఎదుటివాడు కనబడడు. సులభస్థాయి నెన్నుకొన్నవాడు సోమరి కావచ్చును. వ్రేళ్ళు వణకు వృద్ధుడు కావచ్చును. ఒక చేతితోనే ఆడవలసిన వికలాంగుడు కావచ్చును. పగలంతయు పనిచేసి అర్ధగంట విశ్రాంతికై కూర్చున్నవాడు కావచ్చును. అందరికిని ఒకే పాలపీక. హాస్యమునకు పాత్రత యెఱుగవలెనను నియమము ఇచట తప్పినది.

గోల్ఫు మైదానపు లెక్క

బలహీనునకిచ్చు మినహాయింపు ఎల్లెడల నవ్వులపాలు కాలేదనుటకు నిదర్శనము మన గనుల ఊరిలోనే కలదు. ఆంగ్లేయ యజమానులు, ఇంజనీర్లు ఇచట క్లబ్బును, గోల్ఫు మైదానమును నెలకొల్పుకొన్నారు. గోల్ఫు ఆటలో హాండికాప్ అను పద్ధతి యున్నది. తక్కువ నేర్పు గలవానికి ఇన్ని దెబ్బలని ముందుగా ఒక సంఖ్య నిర్ణయింపబడును; ఆట ముగిసిన తరువాత ఆ సంఖ్యను అతని మొత్తమునుండి తీసివేసి లెక్కింతురు. దానిచే నేర్పరియు, నేర్పులేనివాడును ఒకే పందెమున నిజముగా పోటీపడగలరు. ఈ సంఖ్యను దాచుకొనరు, గౌరవముగా చెప్పుకొందురు. 2020లో ప్రపంచమంతటికిని ఒకే హాండికాప్ విధానము ఏర్పాటైనది.

ఒకే ఊరిలో రెండు మినహాయింపులు! దొరగారికిచ్చిన మినహాయింపు లెక్కలోనికి ఎక్కినది. కార్మికుల వాడలోని పిల్లవానికిచ్చినది లెక్కకు వెలుపల నిలిచినది. మొదటిది పెద్దవాని గౌరవమును కాపాడుటకు, రెండవది చిన్నవాని ఏడుపు మాన్పుటకు ఏర్పడినవి. సులభస్థాయి అవమానకరమగుట దాని స్వభావము కాదనియు, లెక్కవ్రాయు పద్ధతిని బట్టి కలిగిన గుణమనియు దీనివలన స్పష్టమగుచున్నది.

కావ్యపాకములు

మన సాహిత్యశాస్త్రము ఈ విషయమున మఱియొక వెలుగు చూపుచున్నది. కాకతీయ ప్రతాపరుద్రుని ఆస్థానపండితుడైన విద్యానాథుడు ప్రతాపరుద్రీయమున ద్రాక్షాపాకమును, నారికేళపాకమును నిరూపించినాడు. లోకమున కదళీపాకమును నడుమ చేర్చి మూడుగా చెప్పుదురు. ద్రాక్ష నోటవేసుకొన్న తోడనే రసమిచ్చును. అరటిపండునకు తొక్క ఒలువవలెను. కొబ్బరికాయకు పీచు తీసి పెంకు పగులగొట్టవలెను. ఇవి రచనకు చెప్పిన కఠినతాస్థాయిలే. కాని చూడుడు: మూడింటికిని పండ్ల పేర్లే పెట్టినారు. మూడును తినదగినవే, మూడును దేవునికి నివేదింపదగినవే. ద్రాక్షను కోరినవాని నోట ఎవరును పాలపీక పెట్టలేదు.

అంతియే కాదు. మన వాడుకలో నాల్గవ పాకమొకటి పరిహాసముగా పుట్టినది, అది పాషాణపాకము. ఎంత నమలినను లొంగని రచనకు ఆ పేరు. అనగా తెలుగువారి నవ్వు సులభమును కోరిన పాఠకునిపై గాక, అకారణముగా కఠినుడైన కవిపై పడినది. యంత్రక్రీడల సంప్రదాయమునకు ఇది సరిగా ఎదురుదారి.

మన చరిత్రలో సులభమార్గము ఎగతాళికి గురికాలేదని దీని భావము కాదు. గిడుగు రామమూర్తి పంతులు (1863-1940) బడిపిల్లలకు వాడుకభాషలో బోధింపవలెనని వాదించినపుడు ఆ భాషకు గ్రామ్యమను పేరు పెట్టి చులకన చేసినవారు పెక్కుమంది. పంతులుగారు పండితుల గ్రాంథిక రచనలనే తీసికొని అందలి తప్పులను ఎత్తి చూపిరి. కఠినస్థాయిని కీర్తించువారందరును ఆ స్థాయిలో నెగ్గినవారు కారని ఆయన నిరూపణసారము. గ్రాంథికచ్ఛాయలో ఈ వ్యాసము వ్రాయుచున్న నాకును ఆ హెచ్చరిక వర్తించును.

తరగతిగదిలో

1956లో రాజ్యాంగమునకు చేరిన 350ఎ అధికరణము భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధన సౌకర్యములు కల్పింపవలెనని నిర్దేశించుచున్నది. కర్ణాటక పదవ తరగతి పరీక్షలో ప్రథమభాషకు 125 మార్కులు. తెలుగును ప్రథమభాషగా గైకొన్న పిల్లవానిని చూచి 'ఇంటిభాష గదా, సులభమని తీసికొన్నావు' అని తోటివారు అనుట మా ప్రాంతమున వినబడుచుండును. ఇది సులభస్థాయి పరిహాసమే. నిజమునకు ఆ బాలునికి ఆ మార్గము సులభమును కాదు. ఇంటిలో వాడు పలుకు తెలుగులో కన్నడ, తమిళ పదములు కలిసియుండును. వీధిలో తెలుగు అక్షరము గల పలక కానరాదు. పాఠ్యగ్రంథమందలి తెలుగు వానికి నారికేళమే. కష్టమైన పనిని సులభమని పిలిచి, సులభమైనదానిని ఎన్నుకొన్నావని నవ్వుట రెండింతల అన్యాయము. ఇట్టి నవ్వునకు సిగ్గుపడి మాతృభాషను విడిచిన పిల్లలను నేనెఱుగుదును. వారు కఠినస్థాయికి ఎక్కలేదు, ఆటనే మానివేసినారు.

కావున ఆటలనుండి మనము గ్రహింపవలసిన పాఠములు కొన్ని కలవు. మొదటిది పేరు. తరగతిలో మూడు మెట్ల పాఠములను ఇచ్చునపుడు 'తెలివిగలవారికి, తెలివిలేనివారికి' అను ధ్వని రానీయరాదు. ద్రాక్ష, కదళి, నారికేళమని పేరు పెట్టిన చాలును. పిల్లలు నవ్వుచు తీసికొందురు, ఎవరిని చూచియు నవ్వరు. రెండవది మౌనము. 2005 నాటి రెసిడెంట్ ఈవిల్ 4 ఆట, ఆడువాడు తడబడుచున్నపుడు శత్రువుల తీవ్రతను చెప్పకయే తగ్గించును. మంచి ఉపాధ్యాయుడు ప్రశ్నను అడుగుచునే దానిని సులభము చేయుట ఇట్టిదే. మూడవది ఎన్నిక. 2018 నాటి సెలెస్ట్ ఆటలో వేగము తగ్గించుకొనుటకు, అలసట లేకుండ చేసికొనుటకు వేర్వేరు సదుపాయములున్నవి; ఎవనికి ఏది కావలయునో వాడే నిర్ణయించుకొనును, కథాంతము అందరికిని దక్కును. ఆ సదుపాయమును పరిచయము చేయు వాక్యములు మొదట కొంత నిరుత్సాహకరముగా నుండగా నిర్మాతలు తరువాత వానిని మార్చిరి. 2020 నాటి ది లాస్ట్ ఆఫ్ అస్ రెండవ భాగమున అరువదికి మించిన సౌలభ్యములు కల్పింపబడినవి. చూపులేనివారును దానిని ఆడి ముగించిరి. నాల్గవది మార్పునకు అవకాశము. నేడు ద్రాక్షను తీసికొన్నవాడు ఆరునెలలకు కొబ్బరికాయ కొట్టుటకు ముందుకు రావచ్చును. ఆ దారి తెరిచియుంచవలెను.

ఈ నాల్గవ పాఠము మన వీధిపిల్లలకు ముందే తెలియును. అరటిపండుగా ఆడినవాడు ఎల్లకాలము అరటిపండుగా నుండడు. ఒకనాడు తాను ఔటైనపుడు 'ఔటు కాదు' అన్నవారితో కలహించి, 'నన్నును లెక్కలో చేర్చుడు' అని పట్టుపట్టును. ఆ దినము వఱకు వానిని ఆటలో నిలిపినది నవ్వు కాదు, చోటు. చోటిచ్చినవారికే వాని ఎదుగుదలను చూచు భాగ్యము కలుగును. భాష విషయమునను, చదువు విషయమునను, ఆట విషయమునను మనము చేయదగినది ఆ చోటు విడుచుటయే యని విజ్ఞులకు మనవి చేయుచున్నాను.